డెబ్బై గంటల పట్టభద్రులు

చేసిన పనికి కాలేజీలో క్రెడిట్లు వేస్తారట. యూజీసీ వారి ముసాయిదా మీరూ చదివే ఉంటారు. తరగతి గదిలో అబ్బినా, కార్ఖానాలో అబ్బినా, ఇంట్లో అమ్మ పక్కన కూర్చుంటే అబ్బినా విద్య విద్యేనని, దాన్ని తూకం వేసి డిగ్రీలో జమ కట్టుకోవచ్చని సారాంశం. అసలు పేరు రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్, ఆర్‌పీఎల్ అని ముద్దుపేరు. మంచి మాటే. ఇంత మంచి మాటకు నాకెందుకు ఒళ్లు మండిందో అర్థం కాక కాగితం, కలం తీసి లెక్కలు వేస్తూ కూర్చున్నాను. వేస్తున్నకొద్దీ కోపం పోయి వ్యాపారబుద్ధి పుట్టింది.

లెక్క ఇదీ. 2023లో ఖరారైన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్. ఏడాదికి 1,200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. సంపాదించినవి దాచుకోవడానికి 2021 నుంచీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒక బ్యాంకు కూడా ఉంది. వడ్డీ ఇవ్వరు, అంతే. ఇక కావలసిన సరుకల్లా గంటలు. దేశంలో గంటలు దండిగా పండేదెక్కడ? సైబర్ టవర్స్ నుంచి కోకాపేట దాకా. 1998లో వాజపేయి గారు వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచీ ఈ దారి పొడవునా మూడు షిఫ్టుల్లో అదే పంట. ఇంత పంటకు ఒక మార్కెట్ యార్డు లేకపోవడం నాకు నచ్చలేదు.

అందుకని ఒక విశ్వవిద్యాలయం పెడుతున్నాను. పేరు పెట్టలేదు, పెడితే మార్చాలని ఎవరో ఒకరు అసెంబ్లీలో లేస్తారు. స్థలం కొనలేదు, కోకాపేటలో ఎకరం 2023 వేలంలోనే వంద కోట్లు దాటింది. అధ్యాపకుల్ని నియమించలేదు, ఈ ఒక్క విషయంలో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. వైస్ చాన్సలరూ, రిజిస్ట్రారూ, అటెండరూ నేనే.

మొదటి దరఖాస్తు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు ఊరూ వాడా ఆయన్ను ఆడిపోసుకుంది. ఎంత అన్యాయం! ఆయన మనసులో ఏముందో ఇప్పుడు తేలింది. వారానికి 70 చొప్పున 52 వారాలకు 3,640 గంటలు. ముప్పైతో భాగించండి. 121 క్రెడిట్లు. ఏడాదికో డిగ్రీ, పైన ఒక క్రెడిట్ చిల్లర. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్నారు. ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఆయన లెక్కన 156 క్రెడిట్లు వస్తాయి, ఆనర్స్‌కు నాలుగు తక్కువ. ఆ నాలుగూ ఎవరి ముఖం చూస్తుండగా పోయాయో వేరే చెప్పాలా?

పాపం, చట్టాన్ని నమ్ముకున్నవాడి గతే ఏం బాగోలేదు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పని ఒప్పుకుంది గానీ వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. 48 గంటలతో ఏడాదంతా కష్టపడితే వచ్చేది 83 క్రెడిట్లు. ఆరింటికల్లా బ్యాగు సర్దుకునే మనిషి మొదటి ఏడే బ్యాక్‌లాగ్స్‌లో పడిపోయాడు.

అనుభవం పెరిగితే హెచ్చవేత కూడా ఉంది. ఏడాది దాటితే 1.33, నాలుగేళ్లు దాటితే 1.67, ఏడేళ్లు దాటితే ఏకంగా రెండింతలు. ఇది నా కల్పన కాదు, ఆ క్రెడిట్ చట్రంలోనే ఉంది. నేను చేసిందల్లా దాన్ని మాదాపూర్ తీసుకురావడమే. పదిహేనేళ్లుగా ఒకే కుర్చీలో ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్ ఒకాయన వచ్చాడు. ఏడాదికి 121, పదిహేనేళ్లు, రెండింతలు: ముప్పై డిగ్రీలు. "ఏయే సబ్జెక్టుల్లో కావాలి సార్?" అన్నాను. "ఏదైనా పర్లేదండీ, ఎక్సెల్‌లో పెట్టి ఈవోడీలోపు మెయిల్ చేసేయండి" అన్నాడు. ఈయనకు బీటెక్ ముందే ఉంది. ఆ మాటకొస్తే నాకు దరఖాస్తు పెట్టిన ఇంజినీర్లందరికీ ఉంది. మరి ఈ కొత్త పట్టాలు ఎందుకయ్యా అంటే, లింక్డ్‌ఇన్‌లో ఖాళీ ఉందట.

మిగతా నిబంధనలు సులువుగానే కుదిరాయి. ఆల్ హ్యాండ్స్ మీటింగుకు వెళ్లి కెమెరా ఆఫ్ చేసుకున్నవాళ్లకు హాజరు వేస్తాం, మన కాలేజీల్లో ప్రాక్సీ కన్నా అదే నయం. బెంచ్ మీద ఉన్నవాళ్లను రెగ్యులర్ విద్యార్థులుగానే పరిగణిస్తాం. అప్రైజల్‌లో 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్' వస్తే సెకండ్ క్లాసు. ఉన్నట్టుండి శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ లాక్ అయిపోయినవాళ్లకు టీసీ ఇచ్చి పంపుతాం.

ట్రాఫిక్‌లో కూర్చున్న గంటలు కలపాలా వద్దా అన్నదాని మీద మాత్రం పాలకమండలిలో, అంటే నాకూ నాకూ మధ్య, పెద్ద రగడ జరిగింది. చివరికి కలిపాం. బయోడైవర్సిటీ జంక్షన్ మీదుగా పోను గంట, రాను గంట, ఏడాదికి 240 పనిదినాలు: 480 గంటలు, 16 క్రెడిట్లు. ప్రాక్టికల్స్ వానాకాలంలో. టైమ్‌టేబుల్ పోలీసులే వేస్తారు. 2023 జూలైలో వానలు ముంచెత్తినప్పుడు ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఒక విడత, ఐకియా నుంచి రాయదుర్గం వైపు ఒక విడత, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఒక విడత అని సైబరాబాద్ పోలీసులు లాగవుట్లు పంచిపెట్టారు కదా. బ్యాచ్‌లను అంత ముచ్చటగా విడదీసిన విశ్వవిద్యాలయం రాష్ట్రంలో ఇంకొకటి చూపించండి.

అమెరికా వాళ్లు ఈ విషయంలో మనకన్నా బాగా వెనకబడ్డారు. హెచ్1బీ వీసాకు చదువు చాలనివాళ్ల కోసం వాళ్ల నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది: ఆ రంగంలో మూడేళ్ల పని, ఏడాది కాలేజీ చదువుతో సమానం. మూడేళ్ల బీకామ్, బీఎస్సీతో కోడింగ్‌లోకి దూకిన మనవాళ్లు ఈ మూడుకొకటి లెక్క పట్టుకునే విమానం ఎక్కారు. నా దగ్గర అదే లెక్క తిరగబడింది. ఏడాది పని, మూడేళ్ల చదువు. విశ్వగురువులం అన్నాక చెయ్యి ఆ మాత్రం ధారాళంగా ఉండాలి.

ఇంత పేరొచ్చాక అమీర్‌పేటకు తెలియకుండా ఉంటుందా? ఒక కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేశాడు.

"సార్, స్టూడెంట్లను నేను తెస్త. ఎన్నేండ్ల ఎక్స్‌పీరియన్స్ గావాల్నో మీరు జెప్పుండ్రి, సాలు."

ఆఫర్ లెటరు, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు అయితే ఒక రేటట. ఫారం 16, పీఎఫ్ కూడా కావాలంటే ఇంకో రేటు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు ఫోన్ వస్తే హెచ్‌ఆర్ గొంతుతో మాట్లాడే మనిషి నెలజీతం మీద ఉన్నాడు. ఇలాంటి కొట్ల మీద పోలీసులు దాడి చేశారన్న వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు!

"వాళ్లు నిజంగా పని చేసినవాళ్లేనా?" అన్నాను.

"పని జేసినోళ్లకు కాయితం దొరకది సార్. కాయితం దొరికినోళ్లు పని జెయ్యరు. నడిమిట్ల మేం ఉన్నం."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అప్పటికే ఒక దరఖాస్తు పక్కన పడి ఉంది. మాదాపూర్‌లో ఒక ఐటీ టవర్ గేటు దగ్గరుండే సెక్యూరిటీ గార్డుది. చదివింది పదో తరగతి. పన్నెండు గంటల డ్యూటీ, నెలకు 26 డ్యూటీలు. ఏడాదికి 3,744 గంటలు, 124 క్రెడిట్లు. ఎవరి సలహా లేకుండానే నారాయణమూర్తి గారిని దాటిపోయాడు. ఏళ్ల తరబడి దాటుతూనే ఉన్నాడు. పత్రికల్లో ఎవరూ చర్చ పెట్టలేదు.

జతపరచిన పత్రాలు అన్నచోట ఒక ఐడీ కార్డు జిరాక్సు. దాని మీద ఈ ఏడాది ఏజెన్సీ పేరు. అంతకుముందు ఇంకోటి, దానికి ముందు మరోటి. కాంట్రాక్టు మారినప్పుడల్లా చొక్కా రంగు మారింది. గేటు అదే, రిజిస్టరు అదే, మనిషి అతనే, అనుభవం మాత్రం ప్రతిసారీ సున్నా నుంచి మొదలు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే సూపర్‌వైజర్ నవ్వాడట.

అతనికి ఏమొచ్చు? ఫైర్ ప్యానెల్ మీద ఏ లైటు వెలిగితే ఏ అంతస్తుకు పరిగెత్తాలో వచ్చు. అర్ధరాత్రి షిఫ్టు దిగిన ఆడపిల్ల ఎక్కిన క్యాబ్ నంబరు రాసుకోకుండా గేటు తెరవడు. పైఅంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే అక్కకు ఇంగ్లీషు రాదు. కానీ బాత్రూముకు ఆర్ వన్, నేలకు ఆర్ టూ, అద్దాలకు ఆర్ త్రీ అనీ, బకెట్ నీళ్లకు ఏది ఎంత పోయాలో, దేంట్లో ఏది కలిపితే కళ్లు మండి ఊపిరాడదో అనీ కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది ఆమే. ఇది రసాయనశాస్త్రం కాకపోతే ఇంకేమిటి? ఆర్‌పీఎల్ అనే మాట పుట్టిందే వీళ్ల పేరు చెప్పి. దరఖాస్తుతో పాటు అడిగే కాగితాలు మాత్రం వీళ్ల దగ్గర ఉండవు. అమీర్‌పేటలో ఉంటాయి.

కాగితాలు ఒక్కటే కాదు, మదింపు కూడా ఉంటుందంటారు. ఎవరు చేస్తారు? ఏ భాషలో? ఏ ఆఫీసులో, ఏ టైముకి?

అసలు మంట ఇక్కడుంది. అనుభవంతో వచ్చిన విద్యను గుర్తించడమేదో ఇప్పుడే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. కేబుల్ బ్రిడ్జికి దగ్గర్లోనే, జూబ్లీహిల్స్‌లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పెట్టారు, దేశంలో అదే మొదటిది. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, ఏ బడి కాగితమూ అడగకుండా ఒక అర్హత పరీక్ష రాయించుకుని, తెలుగులోనే డిగ్రీ చదివించింది. ఉద్యోగంలో ఉండి చదువు మధ్యలో ఆగినవాళ్లు, పెళ్లితో పుస్తకం మూసేసిన ఆడవాళ్లు ఆ తలుపులోంచి లోపలికి వచ్చారు. నీకేం వచ్చో చూపించు, ఎక్కడ నేర్చుకున్నావో మాకక్కర్లేదు అన్నది దాని పద్ధతి. మీరు ఇప్పుడు ఇన్ని పేజీల్లో చెబుతున్నది ఇదే కదా! దాన్ని నిలబెట్టిన తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి 1991లో మీ యూజీసీకే ఛైర్మన్ అయ్యారు. ఆయన కూర్చున్న ఆఫీసే తర్వాత్తర్వాత దూరవిద్య నిబంధనలు బిగించి, డిగ్రీలో చేరాలంటే పన్నెండేళ్ల బడిచదువు చూపించమంది. కింది మెట్లు ఎక్కకుండా సార్వత్రిక పద్ధతిలో పట్టా తెచ్చుకున్నవాళ్లు ఉద్యోగాల దగ్గరా, పదోన్నతుల దగ్గరా కోర్టుల చుట్టూ తిరిగారు. డిగ్రీ లేకుండా నేరుగా చేసిన ఎంఏ చెల్లదని 2009లో సుప్రీంకోర్టు తేల్చేసింది. పగలు పని చేసి రాత్రి చదివినవాడికి నీ పట్టా పట్టానే కాదని చెప్పించిన నిబంధనలు ఎవరివి? ఇప్పుడు అనుభవానికి విలువ కడతామని బయల్దేరింది ఎవరు?

ముసాయిదా మీద అభిప్రాయాలు పంపమన్నారు. పంపుతున్నాను. పేస్లిప్పు అడక్కండి, రిలీవింగ్ లెటర్ అడక్కండి. అర్హత పరీక్ష మళ్లీ పెట్టండి, తెలుగులో పెట్టండి, రాయలేనివాళ్లను నోటితో చెప్పనివ్వండి, వచ్చిన పట్టాను ఉద్యోగానికి పనికిరాదని ఏ ఆఫీసూ తిప్పికొట్టకుండా అందులోనే రాయండి. పరీక్షకు వాళ్లను రమ్మనకండి. డ్యూటీ తప్పితే ఆ రోజు జీతం కోస్తారు, కాబట్టి వచ్చేది మీరే. నైట్ డ్యూటీ ఎనిమిదికి ఎక్కుతుంది, ఆలోపు గేటు దగ్గరికి రండి. రిజిస్టర్‌లో మీ పేరు, ఫోన్ నంబరు, ఎవరిని కలవాలో రాసి, సంతకం పెట్టి లోపలికి వెళ్లండి.