చెట్టు లేని చోట పొద వేషం

ఒక్క చెట్టయినా లేని చోట పొద వేషం కట్టి నిలబడిన మనిషిని చూసి పక్షులు ఏమనుకుంటాయన్న ప్రశ్న, శీతాకాలపు ఉదయాల్లో పులికాట్ అంచున కాసేపు గడిపినవారిని రోజుల తరబడి వదలదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా పోయే దారికి ఇరువైపులా, నీరు తీసిన మేర కనిపించేవి బూడిదరంగు బురద, దాని మీద ఉప్పు పొర, ఆపైన ఆకాశం. దాక్కోదలచిన మనిషి కోసం ప్రకృతి చేసిన ఏర్పాటంటూ అక్కడ ఏదీ లేదు. అటువంటి పర్ర మీదికి, ముదురాకుపచ్చ, గోధుమ రంగుల ఆకులు అచ్చువేసిన చొక్కా, అదే అచ్చు ప్యాంటు, అదే అచ్చు టోపీ ధరించి, చివరకు లెన్సుకు సైతం అదే గుడ్డతో తొడుగు వేసి, ఛాయాగ్రాహకుడు దిగుతాడు. పరిసరాల్లో కలిసిపోయి కంటికి ఆనకుండా చేసే ఈ వేషాన్ని కామోఫ్లాజ్ అంటారు. నల్లమల వంటి అడవిలో అది మనిషిని నిజంగానే మాయం చేయవచ్చు. పులికాట్‌లో మాత్రం నిన్నటిదాకా లేని పొద ఒకటి తెల్లవారేసరికి మొలిచి, రెండు కాళ్ళతో నడుస్తూ, మధ్యమధ్య ఫోనులో టిఫిన్ సంగతి మాట్లాడుతూ పోతున్నట్టు కనిపిస్తుంది.

ఇంతకూ మోసపోవలసిన కన్ను సామాన్యమైనది కాదు. రంగులను పట్టే శంకు కణాలు మనిషి కంటిలో మూడు రకాలైతే పగటి పక్షుల్లో చాలావాటికి నాలుగు రకాలుంటాయి. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా వాటిలో అనేకం చూడగలవు. ఇక ఈ బురదలో మేసే ఫ్లెమింగో అయితే నాలుగడుగుల పై ఎత్తు నుంచి నలుదిక్కులా కనిపెడుతూ ఉంటుంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి ఉన్న ధీమాయే ఈ పొదకూ ఉంటుంది. మరోవైపు, లుంగీ ఎగగట్టి మోకాలి లోతు నీళ్ళలో వల లాగే జాలరిని గాని, గట్టు మీద హారన్ మోగిస్తూ పోయే బస్సును గాని రోజూ చూసి అలవాటుపడిన పక్షులు అంతగా పట్టించుకోవు కనుక, ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడికి, వేల రూపాయల వేషధారి కంటే దగ్గరగా పక్షి కనిపిస్తుంది.

ఈ వేషానికి శాస్త్రీయమైన వంశవృక్షం లేకపోలేదు. దాని మూలపురుషుల్లో ఒకడు ఫ్లెమింగోల దగ్గరే బోల్తా పడడం విశేషం. జంతువుల వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండడం వల్ల, పైనుంచి పడే వెలుగూ కిందనుండే నీడా ఒకదాన్నొకటి కొట్టివేసుకుని శరీరపు గుండ్రదనం కంటికి ఆనదని అమెరికన్ చిత్రకారుడు ఆబట్ థాయర్ (1849–1921) 1896లో చెప్పాడు; బురద మీద పరుగెత్తే ఉల్లంకి పిట్టల మట్టిరంగు వీపూ తెల్లని పొట్టా చూసినవారు ఆ మాట ఒప్పుకోక తప్పదు. అక్కడితో ఆగి ఉంటే ఆయన కీర్తికి ఏ లోటూ ఉండేది కాదు. అయితే సిద్ధాంతం దొరికిన పండితుడు దాన్ని ఊరికే కూర్చోనివ్వడు కనుక, కుమారుడు జెరాల్డ్ పేర 1909లో వెలువడిన గ్రంథం ద్వారా, జంతులోకంలోని రంగులన్నీ దాగడానికేనని థాయర్ వాదించాడు. నెమలి మాటేమిటంటే, అది అడవి ఆకుల్లో కలిసిపోతుందన్నాడు. ఫ్లెమింగో మాటేమిటంటే, అది ఉదయాస్తమయాల ఎర్రని ఆకాశంలో కలిసిపోతుందన్నాడు. మరి మిట్టమధ్యాహ్నం సంగతేమిటని అడిగే భారం అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మీద పడింది. ఆఫ్రికాలో వేటాడి వచ్చిన ఆయన, 1911లో పక్షుల, జంతువుల రంగుల మీద వంద పేజీలు దాటిన వ్యాసం రాసి, థాయర్ వాదాన్ని ఉతికి ఆరవేశాడు. అధికారం దిగిపోయిన నాయకులు అందరూ ఇటువంటి పనులు పెట్టుకుంటే ప్రజలకు ఎంత సుఖమో ఊహించదగినదే. నిజానికి ఎర్రని ఆకాశానికి అడ్డంగా నిలిచిన ఏ పక్షి అయినా నల్లని నీడగానే కనిపిస్తుంది. పైగా ఫ్లెమింగో గులాబిరంగు పుట్టుకతో వచ్చినది కాదు. నాచు, చిన్నరొయ్యల వంటి ఆహారంలోని కెరోటినాయిడ్లనే వర్ణద్రవ్యాల వల్ల క్రమంగా ఏర్పడుతుంది. పిల్లలు బూడిదరంగులోనే ఉంటాయి. థాయర్ లెక్క ప్రకారం ఆ పిల్లలు మబ్బు పట్టిన రోజుల్లో తప్ప బతికి బట్టకట్టకూడదు. అయినా థాయర్‌ను మెచ్చుకోవలసిందే: తన పక్షి దాగడానికి ఆయన కనీసం ఒక ఆకాశాన్ని చూపించాడు; పర్ర మీది పొద చూపించడానికి పక్కన ఇంకొక పొద కూడా లేదు.

ఇంతవరకు నవ్వి ఊరుకోవచ్చు. అసలు బాధ ఆ తర్వాత మొదలవుతుంది. ఫ్లెమింగో మేసేటప్పుడు తల తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కులోని జల్లెడ వంటి అమరికతో బురదనీటిని వడకట్టి చిన్నచిన్న జీవులను, నాచును తింటుంది. అందువల్ల ఫొటోలో పడేవి ఒక వంగిన వీపు, రెండు పొడుగాటి కాళ్ళు మాత్రమే. రెక్కల్లోని ఎరుపూ నలుపూ అది రెక్క విప్పినప్పుడు గాని బాగా బయటపడవు. కనుక గంటసేపు చెట్టులా నటించిన మనిషి హఠాత్తుగా లేచి చప్పట్లు కొడతాడు, ఈల వేస్తాడు, అదీ చాలకపోతే మట్టిపెళ్ళ విసురుతాడు. కనబడకుండా ఉండడానికి అంత ఖర్చుపెట్టినవాడు కనబడడానికి ఇంత శ్రమపడడంలోని తర్కం ఏ పక్షికీ అంతుబట్టదు. గుంపంతా నీటి మీద నాలుగడుగులు పరుగెత్తి లేస్తుంది. సెకనుకు 20 చొప్పున ఫొటోలు పడతాయి. వాటిలో ఒకటి “ప్రకృతి ఒడిలో స్వేచ్ఛా విహంగాలు” అన్న శీర్షికతో ఊరేగుతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం మాత్రమే కాక తోలడం కూడా ఉన్నదని ఈ విహంగాల అభిమానులకు గుర్తుచేసేవారు తక్కువ. వడకట్టిన గుటక గుటకకూ కొంచెం చొప్పున కడుపు నింపుకునే పక్షికి, మేత వదిలి లేచిన ప్రతిసారీ నష్టమే. దాని పక్కనే లేచిపోయే లిటిల్ స్టింట్ అనే ఉల్లంకి పిట్ట సంగతి మరీ కష్టం: 30 గ్రాములకు అటూ ఇటూ తూగే ఆ పిట్ట, గుడ్లు పెట్టడానికి ఉత్తర ధ్రువ ప్రాంతం దాకా పోవలసి ఉంటుంది; ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వంతా ఇటువంటి బురదలోనే ఏరుకోవాలి. దాన్ని ఎవరూ ఫొటో తీయరు గాని, ఎగరగొట్టడంలో మాత్రం దాన్ని మినహాయించరు.

ఇంత చెప్పినా ఈ మనుషులను దుర్మార్గులనడానికి నోరు రాదు. చలిలో నాలుగింటికి లేచి ఉప్పు బురదలోకి దిగేవాడికి పక్షి మీద ప్రేమ లేదనలేము. ఆ ఆకుల చొక్కా కొన్న రోజున, మనిషి పక్కన లేనప్పుడు లోకం ఎలా ఉంటుందో ఒక్క గంట చూడాలన్న కోరికే అతన్ని కొనిపించి ఉంటుంది. అయితే చూడడానికి తాను లేనట్టు ఉండాలి, ఫొటోకు తాను ఉన్నట్టు పదిమందికీ తెలియాలి. రెండో కోరిక బలమైనది కనుక మొదటిది ప్రతి ఉదయమూ ఓడిపోతుంది. భయపడి పారిపోతున్న పక్షినే అందమైన పక్షిగా చూడడం మన కళ్ళకు అలవాటైంది. ఈ ఫొటోలు చూస్తూ పెరిగిన పిల్లలు ఫ్లెమింగో ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుందని, దానికి తిండీ తిప్పలూ ఉండవని అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.