ఆగిపోని బండి

నా డ్యాష్‌బోర్డు అరలో నాలుగు వస్తువులుంటాయి. ఆర్సీ కార్డు, ఇన్సూరెన్స్ కాగితం, ఎండిన నిమ్మకాయ, మాస్టారి నోటుపుస్తకం. మొదటి రెండింటికీ గడువు తేదీలున్నాయి. నిమ్మకాయ ఏటా దసరాకి మారుతుంది. పుస్తకం మాత్రం నిండితేనే మారుతుంది. ఇప్పుడున్నది మూడోది. పోయించిన ప్రతి లీటరూ, తిరిగిన ప్రతి కిలోమీటరూ, మార్చిన ప్రతి నట్టూ అందులో ఎక్కాల్సిందే. ఒక రకంగా అది నా జాతకం. రాసింది తెనాలిలో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి కూడికల్లో తప్పు దొర్లదు.

నేను మారుతి 800ని. 2005లో గుర్‌గావ్‌లో పుట్టి, ట్రైలర్ మీద సగం దేశం చూసుకుంటూ గుంటూరు షోరూములో దిగాను. ఆ దసరాకి నాలుగు రోజుల ముందు మాస్టారింటికి వచ్చాను. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు నలిగాయి, ఎదురుగా గుమ్మడికాయ పగిలింది, బానెట్టు మీద అమ్మగారు పసుపుతో స్వస్తిక్ గీశారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 గుర్రాల బలం, 12 అంగుళాల చక్రాలు. పెద్ద బళ్ళవాళ్ళు అగ్గిపెట్టె అని నవ్వేవారు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కాలంటే ఏసీ కట్టేసి, అద్దాలు దించుకోవాల్సిందే. అయినా ఎక్కాను. ఏ ఏడూ కొండ మధ్యలో నిలబడిపోలేదు.

మా వంశంలో మొదటిదాని కథ మాస్టారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతారు. 1983 డిసెంబర్ 14న ఢిల్లీలో హర్పాల్ సింగ్ అనే ఆయనకు ఇందిరాగాంధీ స్వయంగా తాళాలిచ్చారు. 2010లో కన్నుమూసేదాకా ఆయన ఆ బండిని అమ్ముకోలేదు. ఇప్పుడది బాగుపడి కంపెనీ ఆఫీసులో అద్దంలా మెరుస్తోంది. మాస్టారు కథ ఇక్కడితో ఆపుతారు. మధ్యలో ఒక ముక్క వదిలేస్తారు. హర్పాల్ సింగ్ పోయాక ఆ బండి చాలాకాలం ఇంటి ముందు ఎండకీ వానకీ తుప్పు పట్టింది. నాకు ఆ ముక్కే గుర్తుంటుంది. తిప్పే చెయ్యి లేకపోతే ఎంత గొప్ప పుట్టుకైనా తుప్పే.

నన్ను మార్చాలా వద్దా అని మా ఇంట్లో మూడుసార్లు పంచాయితీ జరిగింది.

మొదటిది 2014లో. ఆ జనవరిలో మా తయారీ ఆపేశారు. హైదరాబాద్ నుంచి అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నగారూ, ఇక స్పేర్ పార్టులు దొరకవు, ఇప్పుడే వదిలించుకోండి." మాస్టారు నన్ను తిన్నగా షెడ్డుకి తీసుకెళ్ళారు. షెడ్డు భాయ్ ఒకప్పుడు మాస్టారి దగ్గర లెక్కల్లో మూడుసార్లు తప్పిన శిష్యుడు. బానెట్టు ఎత్తి నవ్వాడు. "ఓమ్నీ వస్తోంది కదా సార్, రెండింటికీ ఇంజను ఒకటే. విజయవాడ ఆటోనగర్ ఉన్నన్నాళ్ళు దీనికి చావు లేదు." ఓమ్నీ కూడా 2019లో ఆగిపోయింది. ఆటోనగర్ ఆగలేదు.

రెండోది 2020లో. నాకు పదిహేనేళ్ళు నిండాయి, ఆర్సీ గడువు తీరింది. ఢిల్లీలో తిరిగే బండినైతే నన్ను ఆ వయసుకే రోడ్డెక్కనిచ్చేవారు కాదు. అప్పట్లో అక్కడ పెట్రోలు బళ్ళకు పదిహేనేళ్ళే హద్దు. మన దగ్గర ఎఫ్‌సీకి చూపించి ఐదేళ్ళకు పొడిగించుకోవచ్చు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు, హారన్, పొగ, టైర్లు చూసి సంతకం పెట్టాడు. రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. మాస్టారు ఆ అంకె కింద రెండు గీతలు గీసి, అబ్బాయికి ఫొటో తీసి పంపారు.

మూడోది 2025 దసరాకి. ఈసారి అబ్బాయి పక్షాన బలముంది. 600 ఉన్న ఫీజు 2022లో 5 వేలయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి 10 వేలు చేశారు. ఇంకోపక్క సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పాతదాన్ని ఉంచుకోవడం ప్రియమై, కొత్తది కొనుక్కోవడం చవకైన దసరా అది. పైగా బంకుల్లో ఇప్పుడు వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. నన్ను అంత ఇథనాల్ కోసం చెయ్యలేదు. నా రబ్బరు గొట్టాలకూ, సీళ్ళకూ అది పడదని భాయ్ కూడా ఒప్పుకున్నాడు.

మాస్టారు కొత్త పేజీ తిప్పి నిలువుగా గీత కొట్టారు. ఎడమవైపు 'ఉంచితే', కుడివైపు 'మారిస్తే'.

ఉంచితే: ఏడాదికి రిపేర్లు, ఆయిల్ సగటున 14 వేలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2,094, దాని మీద పన్ను. ఆర్సీ ఫీజు 10 వేలను ఐదేళ్ళకు పంచితే 2 వేలు. మొత్తం పద్దెనిమిదిన్నర వేలకు లోపే. మారిస్తే: ఆరు లక్షలు చేతిలోంచి పోతాయి. బ్యాంకులో ఆరున్నర శాతానికి వేసినా ఆ డబ్బు ఏడాదికి 39 వేలు తెచ్చేది. పైన ఫుల్ ఇన్సూరెన్స్, ఏటేటా పడిపోయే విలువ. మైలేజీ మిగులుతుందన్నాడు అబ్బాయి. దాన్నీ వదల్లేదాయన. నేను ఏడాదికి తిరిగేది 4 వేల కిలోమీటర్లు. నేను లీటరుకి 16 ఇస్తాను, కొత్తది 22 ఇస్తుందనుకున్నా మిగిలేది 68 లీటర్లు. లీటరు 110 చొప్పున ఏడున్నర వేలు. బ్రోకరు నాకు కట్టిన ధర 35 వేలు. ఎటు చూసినా ఎడమవైపే గెలిచింది.

గెలిచినందుకు నేను పొంగిపోలేదు. ఆ పేజీలో ఒక వరుస లేదని నాకు తెలుసు. మాస్టారికీ తెలుసు.

ఆ దసరాకి ముందు ఆగస్టులో, ఓ జల్లు పడ్డ సాయంత్రం, విజయవాడ నుంచి వస్తున్నాం. మంగళగిరి దగ్గర హైవే మీద 70లో ఉన్నాను. మనవరాలు వెనక సీట్లోంచి ముందుకు వంగి తాతయ్యకు ఏదో పొడుపుకథ వేస్తోంది. ముందు వెళ్తున్న లారీ ఒక్కసారిగా ఎర్రలైట్లు వేసింది. మాస్టారు బ్రేకు మీద నిలుచున్నంత పని చేశారు. నా చక్రాలు తిరగడం మానేశాయి గాని నేను కదలడం మానలేదు. తడి రోడ్డు మీద పలకలా జారిపోయాను. స్టీరింగ్ ఎటు తిప్పినా వినే స్థితిలో లేను. లారీ వెనక పట్టీకి జానెడు దూరంలో ఆగాను. పాప నుదురు ముందు సీటుకి కొట్టుకుని బొప్పి కట్టింది. వెనక బెల్టులు ఎన్నడో సీటు కవరు కింద పూడిపోయాయి. వాటిని పైకి తియ్యాలని ఇరవై ఏళ్ళలో ఎవరికీ తోచలేదు.

ఇంటికి చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. పాప కూడా జవాబు అడగలేదు.

మర్నాడు భాయ్ చక్రాలు నాలుగూ విప్పి చూశాడు. "బ్రేకుల్లో ఏం లోపం లేదు సార్. గట్టిగా తొక్కారు, చక్రం పట్టేసింది, బండి జారింది. ఏబీఎస్ ఉన్నదైతే తొక్కి పట్టినా అదే పట్టి వదులుతూ, పట్టి వదులుతూ ఉంటుంది. చక్రం తిరుగుతుంటే స్టీరింగ్ మాట వింటుంది." 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. ఆ జూలై నుంచి డ్రైవర్ ముందు ఎయిర్‌బ్యాగు, 2022 జనవరి నుంచి పక్క సీటుకీ. నా కాలంలో, నా ధరలో ఇవన్నీ ఊహకందని సరుకు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో నన్ను ఆగిపోని బండి అన్నారు. నిజమే, దారిలో ఆగిపోలేదు. ఆగాల్సిన చోట ఆగడమే సరిగా రాలేదు.

దసరా నాడు ఇదంతా మళ్ళీ లేచింది. నన్ను అరుగు పక్కనే నిలబెట్టారు కాబట్టి ప్రతి మాటా నా చెవిన పడింది. అబ్బాయి, "డబ్బు నేనిస్తాను, లెక్క పక్కన పెట్టండి నాన్నగారూ" అన్నాడు. అప్పటిదాకా అరిసెలు సర్దుతున్న అమ్మగారు అడిగారు.

"ఏవండీ, పోయినేడాది హైవే ఎన్నిసార్లు ఎక్కాం? మీ పుస్తకంలో ఉంటుందిగా."

మాస్టారు వేలితో వరుసలు లెక్కపెట్టారు. పదకొండు సార్లు. మిగతాదంతా రైతుబజారు, గుడి, కంటి డాక్టరు, కాలవగట్టు, చుట్టాలిళ్ళు. ఊళ్ళో నేను ముప్పై దాటేదే లేదు.

"పదకొండుకీ రైలుంది. తెనాలి జంక్షన్ మన ఇంటికి రెండు కిలోమీటర్లు."

"అది వాయిదా వెయ్యడమేగా అమ్మా" అన్నాడు అబ్బాయి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వాయిదా కాదురా. నాకు డెబ్బై నాలుగు. బ్రేకు కొత్తదైతే వస్తుంది, తొక్కాలని తట్టడానికి పట్టే క్షణం మాత్రం ఇదే. ఎంత మంచి బండి కొన్నా హైవే మీద దాన్ని నడిపేది ఈ కళ్ళేగా."

అబ్బాయి ఇంక ఏమీ అనలేదు. తండ్రి నోట ఆ మాట వినడం వాడికదే మొదటిసారి అనుకుంటాను.

ఆ వారమే ఇద్దరం పరీక్షకు వెళ్ళాం. నాకు ఎఫ్‌సీ, ఆయన లైసెన్సుకి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ. ఇద్దరికీ ఐదేళ్ళే ఇచ్చారు. అంతకుముందే భాయ్ పెట్రోలు గొట్టాలు మార్చాడు. అరగకపోయినా ఆరేళ్ళు దాటిన టైర్లు తీసేయించాడు. వెనక బెల్టులు తవ్వి తీస్తే ఎలకలు కొరికిన నూలు పోగులు మిగిలాయి. కొత్తవి వేశాడు. మాస్టారు పుస్తకం అట్ట లోపల మూడు షరతులు రాసుకున్నారు. ఒకటి, హైవే లేదు. రెండు, ఒక్క రిపేరు బండి ఖరీదు దాటినా, అడుగు రేకు తుప్పు తిన్నా బేరం వద్దు, స్క్రాపుకి ఇచ్చెయ్యాలి. మూడు, డాక్టరు వద్దన్న రోజు తాళం అమ్మగారి చేతికి. మూడో షరతు కింద అమ్మగారు కూడా సంతకం పెట్టారు.

మొన్న వాళ్ళిద్దరూ హైదరాబాద్ బయల్దేరారు. హైవేకి వెళ్ళే మలుపు దగ్గర నా స్టీరింగు అలవాటుగా కొంచెం అటు లాగింది. మాస్టారు నెమ్మదిగా ఇటు తిప్పుకున్నారు. స్టేషన్ స్టాండులో నన్ను పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, అద్దాలు సరిచూసి, చీటీ రాయించుకున్నారు. కాసేపటికి వాళ్ళ రైలు నా వెనకనుంచే వెళ్ళింది. ఆ అదురుకి వైపర్లు చిన్నగా కదిలాయి. ఆ దారంతా నాకు తెలుసు, ఏ టీకొట్టు దగ్గర ఆగేవాళ్ళమో కూడా తెలుసు. వెళ్ళలేదన్న బాధ లేదని చెప్పను.

మూడో రోజు పొద్దున్నే మంచులో తడిసి ఉన్నాను. ముందు అమ్మగారు, వెనక పాప, ఆ వెనక పెట్టె మోస్తూ మాస్టారు. పాప ఎక్కగానే బెల్టు లాగి టక్కుమని పెట్టుకుంది. మాస్టారు తాళం తిప్పారు. ఒక్కసారికే అందుకున్నాను. ఆయన అర తెరిచి పుస్తకం తీసి రాసుకున్నారు: స్టేషన్ నుంచి ఇంటికి, 2 కి.మీ.