యాభై ఎటు పోయింది?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడి పిల్లలకు ఎక్కాలు రాకపోయినా ఈ మూడంకెలు వచ్చు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరు కాబట్టి అంకెల దగ్గర పట్టింపు ఎక్కువ. ఆ పట్టింపు లేనిది ఒక్క వీడియో కాన్ఫరెన్స్‌కే.

ఎలాగంటే, గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు ఆ సిస్టమ్ మైకును తనంతట తనే మూసేస్తుంది. గొంతు వినపడగానే తెరుస్తుంది. తెరిచేలోపు మొదటి మాట గుమ్మం బయటే ఉండిపోతుంది. అందుకే తలపండిన ఉద్యోగులు ముందు "సార్... నమస్కారం సార్..." అంటారు. మర్యాద అని మనం పొరబడతాం. అది మైకును నిద్రలేపడానికి. కొత్తగా చేరిన కుర్రాడెవరో ఈ సంగతి తెలియక సూటిగా "యాభై మూడు సార్" అన్నాడనుకోండి, హైదరాబాద్‌లో వినపడేది "మూడు సార్".

"మూడేంటయ్యా? నలభై మూడా, యాభై మూడా?"

"అవును సార్."

"అవునంటే ఏది?"

ఈలోగా తెర మీద గుండ్రంగా ఒకటి తిరగడం మొదలవుతుంది. మొదటి హెచ్చరికకూ మూడో హెచ్చరికకూ తేడా ఆ ఒక్క మాటలోనే ఉంది, దాన్ని మైకు మింగింది. గోదావరి మాత్రం ఎవరి నెట్టూ వచ్చేదాకా ఆగదు.

వీడియో కాన్ఫరెన్స్ వద్దని ఎవరూ అనరు. 2016 అక్టోబర్ 11న ఖమ్మం నుంచి విడదీసి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చేశాక కూడా చర్ల నుంచి జిల్లా కేంద్రానికి దాదాపు వంద కిలోమీటర్లు. ఒక సమీక్షకు పోయి రావడంతోనే పొద్దు గూకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో, 1990ల చివర, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కలెక్టర్లకు దక్కిన ఈ భాగ్యం కరోనా పుణ్యమా అని పంచాయతీ కార్యదర్శి సెల్‌ఫోన్ దాకా దిగొచ్చింది. తెరా వచ్చింది, కెమెరా వచ్చింది. రానిదల్లా ఆడియో సెట్టింగులు చూసే ఓపిక.

మైకు సంగతే చూడండి. సెట్టింగుల్లో మైక్రోఫోన్ అన్నచోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. అందులో బల్ల మీద పెట్టిన ఖరీదైన మైకు పేరూ ఉంటుంది, కానీ టిక్కు పడింది ల్యాప్‌టాప్ లోపలి మైకుకు. ఆఫీసరు గారు ఎర్రలైటు వెలుగుతున్న మైకు ముందుకు వంగి, పునరావాస కేంద్రాలు, నిత్యావసరాలు, పడవలు అంటూ గొంతు పోయేదాకా చెబుతారు. పైకి చేరేది ల్యాప్‌టాప్ పక్కన నిలబడ్డ అటెండరు గొంతు: "ఈ మీటింగు ఇప్పట్ల అయ్యేటట్టు లేదన్నా, చర్ల బస్సు పోతది." ఆ రోజు మండలం నుంచి వెళ్ళిన నికరమైన సమాచారం అదొక్కటే.

ఇక ఎకో. మన స్పీకర్లోంచి వచ్చిన మాటను మన మైకే మళ్ళీ పట్టి పంపకుండా కంప్యూటరు లెక్కగట్టి తీసేస్తుంది. తను పలికిందేమిటో తనకు తెలుసు కాబట్టి తీయగలదు. పక్క ఫోను పలికింది దానికి తెలియదు. మన హాల్లో ఆర్డీవో గారిది ఒక ఫోను, తహసీల్దారు గారిది ల్యాప్‌టాప్, ఎంపీడీవో గారిది ఇంకో ఫోను. ఎవరి ముఖం వాళ్ళ గడిలో కనపడకపోతే హాజరు పడదని భయం. ఒకరి మాట ఇంకొకరి ఫోనులో దూరి, అక్కడి నుంచి మూడోదాంట్లో దూరి, చివరికి కూత పెడుతుంది. శ్రీరామనవమికి మైకుసెట్టు కట్టే కుర్రాణ్ణి పిలిస్తే ఒక్క నిమిషంలో తేలుస్తాడు: "ఒక్కదాంట్లనే ఆడియో ఉంచండి సార్, మిగిలినయి ఆపండి." నిజమే. ముఖాలు ఎన్నున్నా ఫరవాలేదు, ఆడియో ఒక్కటే ఉండాలి. కానీ ఎవరిది? ఆ సీనియారిటీ తేలేసరికి కాన్ఫరెన్స్ ముగుస్తుంది.

ఇంకో రకం ఎకో ఉంది, దానికి సెట్టింగు లేదు. 2014లో భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, చుట్టుపక్కల కొన్ని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్టణానికి ఆనుకునే ఉన్న ఎటపాక అటు పోయింది. శబరి గోదావరిలో కలిసే కూనవరమూ అటే. అక్కడ శబరి పోటెత్తితే ఇక్కడ వరద దిగదు. నీళ్ళు ఒక్కటే, మీటింగ్ లింకులు రెండు. ఇక్కడివాళ్ళు హైదరాబాద్‌కు చెప్పింది, అక్కడివాళ్ళు అమరావతికి చెప్పింది, ఒకరికొకరు తెలుసుకునేది మాత్రం టీకొట్టు దగ్గర. అక్కడ ఆడియో ఎప్పుడూ చెడలేదు.

నాయిస్ సప్రెషన్ మరీ గొప్పది. ఫ్యాను హోరు, రేకుల మీద వాన, జనరేటరు రొద, ఇవన్నీ తీసేసి మనిషి గొంతును మాత్రమే పంపుతుంది. ఎక్కువ స్థాయిలో పెట్టి కొమ్ముకోయ నృత్యాన్ని పెద్దలకు చూపించబోతే ఏమవుతుంది? డోలు కూడా రొదే అనుకుని తీసేస్తుంది. తెర మీద అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకున్న కళాకారులు నిశ్శబ్దంగా ఎగురుతుంటారు. అవతల పెద్దలు "చాలా బాగుంది, క్రమశిక్షణ ఉంది" అని మెచ్చుకుంటారు. జూమ్‌లో దీనికి విరుగుడుగా ఒరిజినల్ సౌండ్ అనే ఏర్పాటు ఉంది. అది నొక్కితే డోలు వినిపిస్తుంది.

అయితే యంత్రాన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. గూడెం పెద్ద లేచి కోయలో తన గోడు చెప్పుకుంటే, అది మనిషి గొంతేనని గుర్తుపట్టి భద్రంగా పంపుతుంది. సప్రెషన్ అవతలి చెవి దగ్గర మొదలవుతుంది. "ఏమంటున్నాడు? సరే, నెక్స్ట్."

ఈ నేల మీద అటునుంచి జవాబు రాని మొదటి అధికారి కంచర్ల గోపన్న. పాల్వంచ పరగణా తహసీల్దారు. ఖజానా సొమ్ముతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డాడు. పన్నెండేళ్ళని జనం చెప్పుకుంటారు. అన్నేళ్ళూ ఇటునుంచి కీర్తన పోవడమే గాని అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. తెలివైన ఉద్యోగి గనుక, నేరుగా పని కాదని గ్రహించి సీతమ్మ చేత చెప్పించుకోజూశాడు. హోస్ట్ వినకపోతే కో-హోస్ట్‌ను పట్టుకోవాలని రెవెన్యూ శాఖకు దారి చూపింది ఆయనే. ఆయన బాకీని చివరికి రామలక్ష్మణులు వచ్చి తీర్చారట. ఇప్పటి తహసీల్దార్ల వరద నష్టం ప్రతిపాదనలకు అలాంటి ఖాతా లేదు.

సెట్టింగుల్లో ఇంకో మంచి బటన్ ఉంది. స్పీకరునూ మైకునూ పరీక్షించుకునేది. మనం మాట్లాడిన నాలుగు ముక్కలు రికార్డు చేసి మనకే వినిపిస్తుంది. దీన్ని కింది ఉద్యోగులు నొక్కడం దండగ. ప్రతి సమీక్షకు ముందు పైవాళ్ళు నొక్కాలి. తమ మాట తాము వినడం వాళ్ళకు కొత్త అనుభవం.

కానీ వాళ్ళకు తెలిసిన బటన్ ఒక్కటే, మ్యూట్ ఆల్. దాని కింద ఒక చిన్న గడి ఉంటుంది: పాల్గొనేవాళ్ళు తమంతట తాము అన్‌మ్యూట్ చేసుకోవచ్చా? అందులో టిక్కు తీసేస్తారు. ఇక కార్యదర్శి ఎన్నిసార్లు నొక్కినా మైకు గుర్తు మీది ఎర్రగీత పోదు. పసుపు చెయ్యి ఎత్తుతాడు. ఎత్తిన చేతులు తెర నిండా బారులు తీరుతాయి. "అందరూ హుషారుగా పాల్గొన్నారు, సంతోషం" అని సమీక్ష ముగుస్తుంది.

మినిట్స్‌లో ఇలా రాస్తారు: "క్షేత్రస్థాయి నుంచి ఎలాంటి అభ్యంతరాలూ రాలేదు." ఆ కాపీ మాత్రం సాయంత్రానికల్లా వాట్సాప్‌లో, సంతకం ముద్రతో సహా, చర్ల అవతలి గూడెం దాకా చేరిపోతుంది. దానికి సిగ్నల్ అందలేదన్న ఫిర్యాదు ఇంతవరకు ఒక్కటీ లేదు.