అంతరిక్ష నౌకకు యూనిఫాం కుట్టేవారికి ఏడు తలకిందుల సలహాలు

వెబ్ సిరీస్ కోసమో, షార్ట్ ఫిల్మ్ కోసమో, కాలేజీ నాటకం కోసమో రేపటి మనుషులకు బట్టలు కుట్టాలని ఎవరైనా వచ్చి అడిగితే, నేను చెప్పే మాటలు వాళ్లకు మొదట మింగుడుపడవు. "ఇదేమిటండీ, అన్నీ తిరగేసి చెబుతున్నారు" అంటారు. నిజమే, తిరగేసినట్టే ఉంటాయి. అయినా ఇందులో గాలికి పోగేసిన మాట ఒక్కటీ లేదు. దాదాపు అన్నీ ‘స్టార్ ట్రెక్’ నేర్పిన పాఠాలే. 1966లో అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో మొదలైన ఆ సిరీస్‌లో యూనిఫాం ఎన్నిసార్లు మారిందో, ప్రతిసారీ ఎందుకు మారిందో చూస్తే చాలు, ఈ పనిలో సగం చదువు అయిపోయినట్టే.

1. రంగును కంటితో ఎంచుకోకండి

ఆ మొదటి సిరీస్‌లో నౌక కెప్టెన్ అయిన కర్క్ చొక్కా ఏ రంగని అడగండి. చూసినవాళ్లంతా బంగారు రంగు అంటారు. కానీ డిజైనర్ విలియం వేర్ థైస్ తెచ్చిన వెలూర్ గుడ్డ ఆకుపచ్చ ఛాయది. స్టూడియో లైట్ల కింద, ఆనాటి ఫిల్మ్ మీద అది పసుపుకు తిరిగింది. అదే కెప్టెన్ అప్పుడప్పుడు వేసుకునే, ఏటవాలుగా చుట్టి కట్టుకునే చొక్కా మాత్రం తెర మీద కూడా పచ్చగానే కనబడింది. వేడుకల్లో వేసుకునే దుస్తులూ అంతే. కారణం, వాటికి వాడిన గుడ్డ వేరు. మనిషి ఒకడే, హోదా ఒకటే, రంగులు మాత్రం రెండయ్యాయి.

కాబట్టి కొట్లో ట్యూబులైటు కింద థాను విప్పించి "ఇది బాగుంది" అనకండి. మీటరు గుడ్డ కొని తెచ్చుకోండి. ఏ కెమెరాతో, ఏ లైట్లతో తీయబోతున్నారో వాటితోనే తీసి చూడండి. తెర మీద కనబడే రంగే మీ రంగు. కొట్టువాడు చెప్పిన రంగు పేరు మరిచిపోండి.

2. కొత్త గుడ్డను ముందే పాడు చేయండి

ఆ వెలూర్ వల్ల ఇంకో తిప్పలు వచ్చింది. డ్రైక్లీనింగుకు వెళ్లివచ్చినప్పుడల్లా చొక్కా కాస్త కుంచించుకుపోయేది. రెండు సీజన్లు దానితోనే నెట్టుకొచ్చి, మూడో సీజన్లో నైలాన్ అల్లిక గుడ్డకు మారారు. సీరియల్ బట్ట సినిమా బట్ట లాంటిది కాదు. వారాల తరబడి, ఏళ్ల తరబడి అదే చొక్కా తెర మీదికి రావాలి.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు నేత గుడ్డను ఒక పూట నీళ్లలో నానేసి, ఆరేసిన తర్వాతే కత్తెర పెట్టనిచ్చేవారు. అంతరిక్షానికీ అదే పద్ధతి. ఎంచుకున్న గుడ్డలో ఒక ముక్క కోసి నాలుగైదు సార్లు ఉతకండి, ఇస్త్రీ చేయండి, మెలితిప్పండి, ఎండలో వేయండి. అస్తరు గుడ్డను కూడా వదలకండి. పైగుడ్డ నిలబడి, లోపలి అస్తరు ముడుచుకుంటే చొక్కా అంచంతా పైకి లాగేస్తుంది. ఇన్ని బాధలు పడ్డాక మిగిలిన గుడ్డనే కుట్టుకు తీసుకోండి.

3. ముడతలు పడనివ్వండి

రేపటి మనిషి బట్ట నలగదనే భ్రమ చాలామందికి ఉంటుంది. 1987లో ‘స్టార్ ట్రెక్’ కొత్త సిరీస్ ‘నెక్స్ట్ జనరేషన్’ మొదలైనప్పుడు మళ్లీ థైస్‌నే పిలిచారు. మెడ నుంచి చీలమండ దాకా ఒకే ముక్కగా స్పాండెక్స్ సూట్లు కుట్టించారు. ఒక్క ముడత కూడా కనబడకూడదని నటుల కొలతకన్నా ఒక సైజు తగ్గించారు. తెర మీద నున్నగా, అందంగానే ఉన్నాయి. లోపలున్నవాళ్లకే నడుములు పట్టేశాయి. భుజాల మీద, వెన్ను మీద పడుతున్న ఆ లాగుడు తమకు హాని చేస్తోందని, కెప్టెన్ పికార్డ్ పాత్ర వేసిన పాట్రిక్ స్టూవర్ట్ లాంటి పెద్ద నటుడే మొత్తుకోవలసి వచ్చింది. 1989లో, మూడో సీజన్‌కు, డిజైనర్ రాబర్ట్ బ్లాక్‌మన్ వచ్చి పురుషులకు ఊలు గుడ్డతో, నిలువు కాలరుతో, పైన కోటు, కింద ప్యాంటు విడివిడిగా కుట్టించాకే వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

ఈ పాఠం నేను చదివి కాదు, చేసి నేర్చుకున్నాను. ఏళ్ల క్రితం ఒక నాటకానికి వెండిరంగు రెక్సిన్‌తో ఆరు సూట్లు కుట్టించాను. నిలబెట్టి చూస్తే మెరిసిపోయాయి. రెండో రంగంలో నౌక కుదుపుకు అందరూ కింద పడాలి. పడ్డారు. లేవబోతే ఇద్దరికి మోకాలు మడత పడలేదు. ఒక కుర్రాడికి చంక దగ్గర కుట్టు పిగిలి, అరచేయి పట్టేంత సందు తెరుచుకుంది. ఆట అయ్యాక అతని బనీను పిండితే నీళ్లు కారాయి. అప్పటినుంచి ఫిట్టింగులో ఎవరినీ నిలబెట్టి చూడను. కూర్చోమంటాను, చేతులు పైకెత్తమంటాను, మెట్లెక్కమంటాను, నేల మీద పడి లేవమంటాను. చంకలో, తొడల దగ్గర, మోకాలి వెనక గుడ్డకు చోటు లేకపోతే ఆ మనిషి నటించలేడు.

4. తప్పును వెంటనే విప్పేయకండి

బ్లాక్‌మన్ కుట్టించిన కోటుకూ ఒక లోపముంది. కూర్చుని లేచినప్పుడల్లా పైకి జరిగేది. పాట్రిక్ స్టూవర్ట్ లేస్తూనే రెండు చేతులతో దాని అంచు పట్టి కిందికి లాగేవాడు. అది కెప్టెన్ పికార్డ్ అలవాటైపోయింది. అభిమానులు దానికి ‘పికార్డ్ మనూవర్’ అని పేరు కూడా పెట్టారు. ఆ ఒక్క లాగుడులో ఆ మనిషి క్రమశిక్షణ అంతా కనబడుతుంది.

ఇంగ్లండులో ‘డాక్టర్ హూ’ అనే టీవీ సిరీస్ కథ ఇంకా బాగుంటుంది. 1974లో కథానాయకుడైన ‘డాక్టర్’ పాత్రలోకి టామ్ బేకర్ కొత్తగా వస్తున్నప్పుడు డిజైనర్ జేమ్స్ అచిసన్ రంగురంగుల ఊలు కొని, బిగోనియా పోప్ అనే ఆవిడకు ఇచ్చి స్కార్ఫు అల్లమన్నాడు. ఎంత వాడాలో చెప్పలేదు. ఆవిడ ఇచ్చిన ఊలంతా అల్లేసింది. నేలకు జీరాడేంత పొడుగు వచ్చింది. కత్తిరించేయవచ్చు. కత్తిరించలేదు. ఈరోజుకీ ఆ పాత్ర అనగానే మొదట గుర్తొచ్చేది ఆ స్కార్ఫే.

కుట్టు పిగిలితే వెంటనే వేయండి, ఒరుసుకుంటే వెంటనే సరిచేయండి. నటుడికి నొప్పి లేని తప్పును మాత్రం రెండు రోజులు అతని ఒంటి మీదే ఉంచి, దానితో ఏం చేస్తాడో చూడండి.

5. భవిష్యత్తు గురించి ఆలోచించకండి

1979లో ‘స్టార్ ట్రెక్’ మొదటిసారి సినిమాగా వచ్చింది. డిజైనర్ రాబర్ట్ ఫ్లెచర్. పాత సిరీస్ రంగులు పెద్ద తెర మీద కళ్లకు కొడతాయని బూడిదరంగు, గోధుమరంగు, తెలుపు లాంటి వెలసిన ఛాయలు ఎంచుకున్నారు. కొన్నిటికి ప్యాంటుకే బూట్లు కలిపి కుట్టారు. భవిష్యత్తు అంటే ఇలాగే ఉంటుందన్నట్టు చేశారు. నటులకు నచ్చలేదు, ప్రేక్షకులకూ పట్టలేదు.

1982లో రెండో సినిమా వచ్చింది. డిజైనర్ అదే ఫ్లెచర్. దర్శకుడు నికొలస్ మేయర్ మాత్రం అంతరిక్షాన్ని సముద్రంగా, నౌకను యుద్ధనౌకగా చూశాడు. డబ్బు తక్కువ. మిగిలిపోయిన పాత సూట్లకు రంగులద్ది చూస్తే వాటికి బాగా పట్టినవాటిలో ముదురు ఎరుపు ఒకటి. అధికారులకు ఆ ఎరుపులోనే పాతకాలపు నావికాదళం తరహాలో, ఎదమీద అడ్డంగా మూసే బరువైన కోటు కొత్తగా కుట్టించారు. అది పన్నెండేళ్లు, 1994 దాకా సినిమాల్లో నిలిచింది.

రేపు ఎలా ఉంటుందో ప్రేక్షకుడికి తెలియదు. కెప్టెన్ ఎలా ఉంటాడో తెలుసు. నావికుడు, పోస్టుమ్యాను, రైల్వే గార్డు, నర్సు వేసుకున్నవి దగ్గరికెళ్లి చూడండి. గుండీ ఎక్కడుంది, హోదా గుర్తు భుజం మీదా, మణికట్టు మీదా? అక్కడ మొదలుపెట్టి ఒకటో రెండో మార్చండి. అంతకన్నా ఎక్కువ మారిస్తే అది వేషమైపోతుంది.

6. అందరినీ ఒకేలా చేసి, ఒక్కరికి ఒక్క వస్తువు ఇవ్వండి

పాత్ర పాత్రకూ ప్రత్యేకత చూపాలని అందరికీ తలా ఒకటి తగిలిస్తే ఎవరూ కనబడరు. మొదటి సిరీస్‌లో మూడే రంగులు. అధికారం పసుపు; శాస్త్రం, వైద్యం నీలం; ఇంజనీరింగు, భద్రత ఎరుపు. ఎన్‌బీసీ మాతృసంస్థ ఆర్‌సీఏ అప్పట్లో కలర్ టీవీలు అమ్ముకుంటోంది, ఆ రంగులు దానికీ పనికొచ్చాయి. ఎవరూ వివరించకుండానే ఎర్రచొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగినవాడికి ప్రాణగండం ఉందని ప్రేక్షకుడు పసిగట్టేశాడు.

‘నెక్స్ట్ జనరేషన్’లో క్లింగాన్ అనే పరగ్రహ జాతివాడైన వార్ఫ్ కూడా మిగతావాళ్ల యూనిఫామే వేసుకుంటాడు. భుజం మీంచి నడుముకు ఒక అడ్డపట్టీ మాత్రం అదనం. మొదటి సీజన్లో 1960ల క్లింగాన్ల పట్టీనే వాడారు, రెండో సీజన్లో లోహపు గొలుసుల అల్లికతో కొత్తది చేశారు. రెండు జాతుల మధ్య నలిగే మనిషి కథంతా ఆ ఒక్క పట్టీలోనే ఉంది.

7. ఆడవాళ్లకు వేరే డిజైన్ వేయకండి

నిర్మాతలు ఒప్పుకోని సలహా ఇదే. వదలకుండా వాదించండి. 1964, 65ల్లో మొదటి సిరీస్‌కు నమూనాగా తీసిన రెండు పైలట్ ఎపిసోడ్లలో ఆడవాళ్లూ మగవాళ్లలాగే ప్యాంట్లు వేసుకున్నారు. 1966లో సిరీస్ మొదలయ్యేసరికి వాటి బదులు పొట్టి గౌన్లు వచ్చాయి. ఆ రోజుల్లో పొట్టి గౌను స్వేచ్ఛకు గుర్తనుకున్న మాట నిజమే. కానీ వంగితే జాగ్రత్త పడాల్సిన బట్టతో నౌక నడపడం ఎలా? 1989లో ‘నెక్స్ట్ జనరేషన్’ మగవాళ్లకు రెండు ముక్కల ఊలు కోటు, ప్యాంటు వచ్చినా ఆడవాళ్లకు ఒకే ముక్క సూటే మిగిలింది. 1993లో ‘డీప్ స్పేస్ నైన్’ అనే ‘స్టార్ ట్రెక్’ సిరీస్ వచ్చాక, కథలోని నౌకాదళంలో ఆడామగా ఒకే తరహా సూటు వేసుకున్నారు. 1995లో ‘వాయేజర్’ సిరీస్‌లో కెప్టెన్ జేన్‌వే అదే తరహా యూనిఫాంలో నౌకను నడిపింది. ఆమె అధికారం గురించి బట్ట వేరే చెప్పవలసిన పనే లేకపోయింది. యూనిఫాం అంటే అందరికీ ఒకటే అని కదా అర్థం.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్క పని చేయండి. మొదటి జత మీ కొలతలకే కుట్టించుకోండి. పొద్దున్నే వేసుకుని రాత్రి దాకా విప్పకండి. అన్నం తినండి, బస్సెక్కండి, బాత్రూముకు వెళ్లిరండి. మీరు ఒక రోజంతా ఉండలేని బట్టను ఇంకొకరి ఒంటికి తొడిగి రోజుకు పన్నెండు గంటలు నటించమనకండి.