ఓడినవారికి ఏడేండ్లు

కోడిపందెము పల్నాటి వీరులనాటినుండి తెలుగుజాతికి సంక్రమించిన సంస్కృతి యనియు, పూర్వుల ఆచారమును ఏ శాసనమును ఆపజాలదనియు, సంక్రాంతి బరిలో రిబ్బను కత్తిరించుచు మన ప్రాంతపు నాయకుడొకరు సెలవిచ్చిన సంగతి పాఠకులు ఈ వారము పత్రికలలో చదివియే యుందురు. వారి చరిత్రజ్ఞానమునకు నమస్కరించి, వారితో సంపూర్ణముగా ఏకీభవించి, ఆచారమును సగములో విడువరాదని మాత్రము విన్నవించుకొనుచున్నాను.

మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడును, గురజాల పక్షమున నాగమ్మయు కోళ్ళను బరిలో దింపిననాడు పందెమొడ్డినది నోట్లకట్టలు కావు, రాజ్యము. ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచి పోవలెననుట నియమము. బ్రహ్మనాయుని పక్షము ఓడినది. మాట తప్పక వెడలిపోయినది. పుంజు కాలికి కత్తి గట్టుట ఆచారమైనచో, ఓడినవాడు మూట గట్టుట ఆచారమేల కాకపోవలెను?

కావున ప్రభుత్వమువారు మా ముక్త్యాల రేవును తక్షణమే నిర్వాసనకేంద్రముగా ప్రకటింపవలెను. కృష్ణకు ఆవలియొడ్డున మాదిపాడు. అది పల్నాడు జిల్లాయే గనుక, సంస్కృతి పుట్టినచోటికే సంస్కృతిపరులను సాగనంపిన పుణ్యము మనకు దక్కును. భోగినాటి ఉదయము మొదలు కనుమ చీకటిపడువరకు, జగ్గయ్యపేట, నందిగామ బరులలో ఓడిన నాయకులను, కంట్రాక్టర్లను, వారి బావమరదులను బల్లకట్టుమీద ఎక్కించి పంపుచుండవలెను. గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణనుండి విచ్చేయు అతిథులకు వేరొక వరుస యుండవలెను. గన్‌మన్లు వెంట రావచ్చునా యను సంశయము తీర్చుటకు ఒక ఉపసంఘమును నియమింపవచ్చును. శాసనసభ్యుని పదవి అయిదేండ్లు, వనవాసము ఏడేండ్లు. ఇందలి చిక్కును ఎన్నికల సంఘమువారు విప్పుకొనగలరు. డేగ పుంజుతో వచ్చి ఓడి, రాత్రికి రాత్రి కాకి పుంజు పక్షమున చేరి గెలిచితినని చాటుకొనువారిపై ఫిరాయింపుల నిరోధక చట్టమును ప్రయోగింపవలెను. ఆ చట్టమున కిన్నాళ్ళకు ఒక పని దొరకును. గడువు తీరినపిదప రాజ్యమడుగ వచ్చిన మాచర్ల రాయబారి అలరాజునకు ఆనాడు విషము పెట్టిరి. ఈనాడు అంత క్రౌర్య మక్కరలేదు. టికెట్టు నిరాకరించిన చాలును.

చిన్న సందేహ మొకటి మిగిలినది. కారెంపూడిలో పల్నాటి వీరారాధనోత్సవములు నేటికిని ఏటేట జరుగుచున్నవి. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదునాళ్ళ వరుస. కార్తిక అమావాస్యతో మొదలగు ఆ వరుసలో కోడిపోరు వచ్చునది మార్గశిరమాసమున. మన నాయకుని సంస్కృతి మార్గశిరమునుండి కదలి, పంటడబ్బు చేతికందు పుష్యమాసమున సంక్రాంతికి ఎట్లు చేరినదో వారే సెలవీయవలెను.

ఇక పరిహాసము చాలును. నిర్వాసన నియమము అమలులో లేదన్నట్లు పైన వ్రాసినది అసత్యము. అది ఏటేట అమలగుచునే యున్నది. నాయకునిపై కాదు, కౌలురైతుపై. పత్తియు మిర్చియు అమ్మగా వచ్చిన సొమ్మును పుంజుపై ఒకింత, గుండాటలో ఒకింత, లోన–బయట పేకాటలో మిగిలినంత పోగొట్టుకొని, అప్పులవారి మొగము చూడజాలక రాత్రి బస్సెక్కి, హైదరాబాదున ఏ అపార్ట్‌మెంటు వాకిటనో కాపలాకు కుదిరినవానికి ఏడేండ్ల గడువు కూడ లేదు. జంతుహింసను నిషేధించు చట్టము 1960 నాటిది, జూదమును నిషేధించు చట్టము 1974 నాటిది. పందెములను ఆపుడని హైకోర్టు 2016 డిసెంబరులో ఆజ్ఞాపించియే యున్నది. అయినను బరికి షామియానాలు లేచును, ఫ్లడ్‌లైట్లు వెలుగును, శాసనములు చేయువారే వచ్చి రిబ్బను కత్తిరింతురు. ఇది సంస్కృతి కాదు. పేదవాని జేబును పట్టపగలు కత్తిరించుట.

ఆ పందెముతో రగిలిన పగ కారెంపూడి రణరంగమున బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రునివంటి పసివాండ్రను బలిగొన్నది. అట్టి కథనుండి నాయకులకు దొరికినది కోడి యొక్కటే! ఆ బ్రహ్మనాయుడే కులముల కట్టు తెంచి అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెను; దళితుడైన కన్నమదాసును కుమారునిగా చేకొని సేనాపతిగా నిలిపెను. దానిని సంస్కృతి యని ఏ బరిలోను ఏ మైకులోను ఒక్కరును పలుకరు. అందులో పందెము లేదు, కమీషను లేదు.

అయ్యా నాయకులారా, కారెంపూడిలో మందపోరునాడు ఆ చాపకూడు ఇప్పటికిని పెట్టుదురు. వీఐపీ పాసు అక్కరలేదు. ఆనాడు వచ్చి, మీ గ్రామపు కౌలురైతును ప్రక్కన గూర్చుండబెట్టుకొని భుజింపుడు.