ఒక్క రైడూ ఎక్కకుండా వండర్‌లా చూసి రండి

రెండేళ్ళ బిడ్డను వండర్‌లా వినోద పార్కుకు తీసుకెళ్తామంటే మా కిష్టారెడ్డిపేటలో ఏ ఇంట్లోనైనా వినిపించే మాట ఒకటే. "ఇప్పుడెందుకు? జర పెద్దగైనంక పోండ్రి. ఏం ఎక్కుతది, ఏం యాదుంటది?" ఆ మాట పట్టించుకోకండి. ఇప్పుడే వెళ్ళండి. బిడ్డను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి కొలవండి. 85 సెంటీమీటర్లకు తక్కువైతే టికెట్టు అక్కర్లేదు. 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు. రెండో పుట్టినరోజుకు కొంచెం అటూఇటూగా పిల్లలు ఆ 85 గీత దాటేస్తారు. దాటకముందే వెళ్ళమంటున్నాను, అది డబ్బు మిగులుతుందని కాదు. బిడ్డ పేరున టికెట్టు కొన్న మరుక్షణం నుంచి 'ఇంత పోశాం, ఇదన్నా ఎక్కు, అదన్నా ఎక్కు' అని మనమే వెంటపడతాం. టికెట్టు లేని బిడ్డను తన మానాన తిరగనిస్తాం.

యాదుండదన్నది నిజమే. మూడేళ్ళలోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. అలాగని ఆ వయసు బిడ్డకు పాట పాడడం మానేస్తున్నామా?

తెల్లవారుజామున లేపి, తలస్నానం చేయించి, ఏడుస్తున్న బిడ్డను బండిలో కుక్కే అలవాటు మానండి. పార్కు తెరిచేదే పదకొండుకు. బిడ్డ పగటి నిద్ర సాధారణంగా ఒంటిగంట ప్రాంతంలో. అంటే మీకు చేతిలో ఉన్నది రెండు గంటలు. పథకమంతా ఆ రెండు గంటల కోసమే వేసుకోండి. సాయంత్రం దాకా ఉండాలన్న ఆశ ఇంట్లోనే వదిలేయండి. మధ్యాహ్నం రెండింటికల్లా తిరుగు ప్రయాణంలో ఉండాలి. మీ ఇద్దరి టికెట్లకూ తలా వెయ్యి పైనే అయి ఉంటుంది, సగం రోజుకే బయటికి రావడం మనసుకు కష్టంగా ఉంటుంది. అయినా వచ్చేయండి. నిద్ర ముంచుకొస్తున్న బిడ్డను ఇంకో రెండు గంటలు తిప్పితే పొద్దుటి సంతోషం కూడా ఏడుపులో కొట్టుకుపోతుంది.

మందను కట్టుకుని వెళ్ళొద్దు. బీరంగూడలో ఉన్న పెదనాన్న పిల్లలు, పటాన్‌చెరు మేనమామ పిల్లలు అందరూ కలిసి ఒకే బండిలో పోదామంటారు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి రోలర్ కోస్టర్ కావాలి, పరుగెత్తాలి, ఆ క్యూ నుంచి ఈ క్యూకు దూకాలి. తప్పు వాడిది కాదు, ఆ వయసుది. కానీ వాడి వెనక మీరు నడిస్తే మీ బిడ్డ రోజంతా ఎవరో ఒకరి చంకలోనే ఉంటుంది. చుట్టాలు నొచ్చుకున్నా సరే, ఈ ఒక్కసారికి మీరు, బిడ్డ, వీలైతే నానమ్మ. అంతే.

మా వైపు వాళ్ళకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. పాశమైలారంలోనో బొల్లారంలోనో నైట్ షిఫ్టు చేసి, పొద్దున ఆరింటికి గేటు బయటికొచ్చి, సెలవు మిగులుతుందని అదే ఊపులో స్టీరింగు పట్టుకునే నాన్నలు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. సుల్తాన్‌పూర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కితే కొల్లూరు, కోకాపేట, శంషాబాదు మీదుగా 13వ ఎగ్జిట్ రావిర్యాల దాకా అరవై డెబ్బై కిలోమీటర్లు. సిగ్నల్ ఒక్కటీ లేని తిన్నటి రోడ్డు, రాత్రంతా మేలుకున్న కళ్ళను మూసేసే రోడ్డు. పండగకని దాచుకున్న సెలవు ఈ ప్రయాణానికి వాడండి. అది కూడా మంగళవారమో బుధవారమో. ఆదివారం రద్దీ రెండేళ్ళ బిడ్డకు పడదు.

బిడ్డను ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. బ్రేకు గట్టిగా పడితే ఎంత బలమున్న చేతులైనా పట్టుకోలేవు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది ముందు తగిలేది బిడ్డకే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు సీటుబెల్టో పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెనక సీట్లో పిల్లల సీటు బిగించండి, ఇంట్లో లేకపోతే తెలిసినవాళ్ళను అడిగి తెచ్చుకోండి. దారిలో ఏడిస్తే రింగు రోడ్డు పక్కన ఆపొద్దు, దగ్గరి ఎగ్జిట్‌లో దిగి ఆపండి. బైకున్నవాళ్ళకు ఆ రోడ్డు మీదికి ప్రవేశమే లేదు. సర్వీసు రోడ్డులో లారీల మధ్య అంత దూరం బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళే సాహసం వద్దే వద్దు. క్యాబ్ మాట్లాడుకోండి. అది భారమైతే వండర్‌లా మానేసి జనవరి ఒకటిన మొదలయ్యే నాంపల్లి నుమాయిష్‌కు ఆర్టీసీ బస్సులో వెళ్ళండి. 1938 నుంచి నడుస్తున్న ప్రదర్శన అది, అక్కడి చిన్న రైలు రెండేళ్ళ బిడ్డకు చాలు.

లోపలికెళ్ళాక మ్యాపు తెరవొద్దు. బిడ్డను కింద దించి వెనక నడవండి. క్యూ కోసం కట్టిన ఇనుప కడ్డీల కింద దూరుతుంది, ఫౌంటెన్ దగ్గర ఆగుతుంది, చీపురు పట్టుకున్న అక్క వెంటపడుతుంది. ఎక్కడ ఆగితే అక్కడే ఆగండి. ఒకే మెట్టు ఇరవైసార్లు ఎక్కి దిగితే ఇరవైసార్లూ చెయ్యి అందించండి. ఈ వయసులో కొత్తదానికన్నా మళ్ళీ మళ్ళీ చేసిందే రుచి. వేషం వేసుకున్న పెద్ద బొమ్మను చూసి జడిస్తే ఫోటో కోసం దాని చేతికివ్వకండి. వంతులు వేసుకుని ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు రైడు దగ్గర అనే ఏర్పాటు కూడా నాకు నచ్చదు. క్యూలో ఉన్నవాళ్ళకు గడియారం మీదే కళ్ళు, బిడ్డ దగ్గరున్నవాళ్ళకు దారి మీదే కళ్ళు.

నీళ్ళలో మాత్రం ఒక కఠిన నియమం. పిల్లల కొలను చీలమండ లోతే అయినా బిడ్డ మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి, ఫోను సంచిలో ఉండాలి. జారిపడ్డ పసిబిడ్డ చప్పుడు లేకుండానే మునిగిపోతుంది. మామూలు డైపరు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, ఈతకు వాడే డైపరు కొనండి. నూలు బట్టలతో కొలనులోకి రానివ్వరు, నైలాన్ బట్టలు ఇంటి నుంచే తెచ్చుకోండి. పెదాలు నల్లబడి వణికితే ఎంత మారాం చేసినా బయటికి తీసి తుడవండి. తుడిచాక తినిపించడానికి పెరుగన్నం డబ్బా మరవకండి.

ఇంటికొచ్చాక "ఏమేమి ఎక్కిండ్రు?" అని అడుగుతారు. ఏమీ ఎక్కలేదని చెప్పండి, తడబడకుండా. బిడ్డకు తిరుగు దారిలో నిద్ర పట్టి ఉంటుంది కాబట్టి సాయంత్రం హుషారుగానే ఉంటుంది. ఆ పూట చుట్టాలను పిలవకుండా ఇంట్లో టబ్బులో నీళ్ళు పోసి, పొద్దున ఆడిన ఆటే మళ్ళీ ఆడించండి.