రెండో కుర్రాడు

1921 మే నెలలో టొరంటో యూనివర్సిటీలో ఇద్దరు కుర్రాళ్ళు బొమ్మా బొరుసూ వేసుకున్నారు. ఒకడు చార్లెస్ బెస్ట్, ఇంకొకడు క్లార్క్ నోబుల్. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ డిగ్రీ అప్పుడే చేతికొచ్చింది. ఇద్దరూ స్నేహితులు, ఇద్దరూ ప్రొఫెసర్ మెక్లౌడ్ శిష్యులు. బయటినుంచి వచ్చిన ఒక డాక్టరుకి ఆ వేసవిలో ల్యాబ్‌లో సాయం కావలసి వచ్చింది. చెరి కొన్నాళ్ళు చేద్దామనుకున్నారు. ముందు వంతు ఎవరిదో నాణెం తేల్చింది. బెస్ట్ గెలిచాడు. నోబుల్ తన వంతు వచ్చేదాకా ఆగాలి.

ఆ డాక్టరు ఫ్రెడరిక్ బాంటింగ్. వయసు 29. చదివింది సర్జరీ, పరిశోధనలో అనుభవం లేదు. కెనడాలోనే లండన్ అని ఒక ఊరుంది. అక్కడ ప్రాక్టీసు పెడితే పేషెంట్లు రాలేదు. కాలేజీలో పాఠం చెప్పడానికి తయారవుతూ క్లోమం మీద ఒక వ్యాసం చదివి, నిద్రపట్టక, 1920 అక్టోబరు 31 తెల్లవారుజామున లేచి నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకున్నాడు. క్లోమం నుంచి పేగులోకి పోయే గొట్టాన్ని ముడేస్తే జీర్ణరసం చేసే కణాలు నశిస్తాయి, మిగిలిన కణాల్లోంచి చక్కెరను అదుపుచేసే పదార్థాన్ని, అంటే ఇప్పుడు మనం ఇన్సులిన్ అంటున్నదాన్ని, తీయవచ్చు అన్నది ఆలోచన. మెక్లౌడ్‌కి పెద్దగా నమ్మకం కుదరలేదు. అయినా ఒక గది ఇచ్చాడు, కుక్కల్ని ఇచ్చాడు, చేయి సాయానికి శిష్యుణ్ణి ఇచ్చాడు. కొద్ది వారాలకు తాను స్కాట్లండ్ వెళ్ళాడు.

ఆ రోజుల్లో చక్కెర జబ్బు చిన్నపిల్లలకు వచ్చిందంటే ఆశ వదులుకోవడమే. మందు లేదు. తిండి తగ్గించి, ఎముకల గూడుగా మారేదాకా పస్తులుంచి, ఇంకొన్నాళ్ళు బతికించుకునేవారు. బెస్ట్ మేనత్తో పిన్నో అయిన ఆవిడ కూడా ఆ జబ్బుతోనే పోయింది.

బాంటింగ్ కుక్కలకు ఆపరేషన్లు చేసేవాడు, బెస్ట్ వాటి రక్తంలో, మూత్రంలో చక్కెర కొలిచేవాడు. మొదట్లో ఇద్దరికీ పొసగలేదు. బెస్ట్ మధ్యలో మిలిటరీ శిక్షణకు వెళ్ళొచ్చాడు. అతను చేసిన కొలతలు చూసి బాంటింగ్ మండిపడ్డాడు. గాజు సామాను శుభ్రంగా లేదు, ద్రావణాలు సరిగ్గా లేవు, ఈ లెక్కలు ఎలా నమ్మాలని నిలదీశాడు. 22 ఏళ్ళ బెస్ట్ ఆ రాత్రంతా ల్యాబ్‌లోనే ఉండి గాజు సామానంతా కడిగాడు, ద్రావణాలన్నీ కొత్తగా కలిపాడు. తెల్లారేసరికి ఆ గది అద్దంలా ఉంది. అక్కణ్ణుంచి వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ ఆ మాట రాలేదు. ఇన్సులిన్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాత్రి అది. చిన్నవాడు తిట్టు తిని పని నేర్చుకున్నాడు, పెద్దవాడు తిట్టి అక్కడితో వదిలేశాడు. గురుశిష్యుల మధ్య ఇంతకంటే కావలసింది ఏముంది?

నోబుల్ వంతు వచ్చింది. అప్పటికి బెస్ట్‌కి చెయ్యి తిరిగింది. ఆపరేషన్లయిన కుక్కలున్నాయి, లెక్కలు నడుస్తున్నాయి, ఇప్పుడు మనిషి మారితే మళ్ళీ మొదటికొస్తుంది. నోబుల్ ఒప్పుకున్నాడు. నువ్వే కానీ అని స్నేహితుడికి వదిలేశాడు.

తరవాతిది లోకానికి తెలిసిందే. ఆ ఏడాది చివర్లో బెర్ట్రమ్ కొలిప్ అనే బయోకెమిస్టు వచ్చి చేరాడు. 1922 జనవరి 11న 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కి మొదటి సూది వేశారు. మందు శుద్ధిగా లేక సరిగ్గా పనిచేయలేదు. కొలిప్ దాన్ని శుద్ధి చేశాక 23న మళ్ళీ వేశారు. పిల్లవాడు తేరుకున్నాడు. 1923లో నోబెల్ బహుమతి బాంటింగ్‌కి, మెక్లౌడ్‌కి వచ్చింది. బెస్ట్‌ని వదిలేశారని బాంటింగ్ రగిలిపోయి తన డబ్బులో సగం అతనికిచ్చాడు. మెక్లౌడ్ తన దాంట్లో సగం కొలిప్‌కిచ్చాడు. ఎవరి వాటా ఎంత అన్న తగవు వాళ్ళు బతికున్నంతకాలం సాగింది. వాళ్ళు పోయాక చరిత్రకారులు దాన్ని అందుకున్నారు.

ఈ తగవులో క్లార్క్ నోబుల్ పేరు వినపడదు. అతను అలిగి వెళ్ళిపోలేదు. మెక్లౌడ్ ల్యాబ్‌లోనే ఉండి, ఇన్సులిన్ ఎక్కువైతే కుందేళ్ళు ఎలా గిలగిలా కొట్టుకుంటాయో, గ్లూకోజు ఇస్తే ఎలా తేరుకుంటాయో చూసిన బృందంలో పనిచేశాడు. 1922లో వచ్చిన ఆ వ్యాసం మీద బాంటింగ్, బెస్ట్, కొలిప్, మెక్లౌడ్‌ల పేర్లతో పాటు అతని పేరూ ఉంది. ఆ వేసవిలో మెక్లౌడ్‌తో సముద్రతీరానికి వెళ్ళి చేపల నుంచి ఇన్సులిన్ తీసే పని చేశాడు. ఆ తరవాత డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు.

పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళతో ఒక మాట. వ్యాసంలో మొదటి పేరు ఎవరిది, మనం మొదలుపెట్టిన పని ఇంకొకరి చేతిలోకి ఎందుకు పోయింది అన్న బాధ చిన్నది కాదు. ఆ బాధను కొట్టిపారేసే గైడ్లంటే నాకు గౌరవం లేదు. వాటా న్యాయంగా పంచడం పెద్దల బాధ్యత. కానీ వాటా రాని రోజున ఎటు నడిచామన్నది మన చేతిలో ఉంటుంది. నోబుల్ ఆ మనుషుల మధ్యే ఉండిపోయాడు. ఉండిపోయాడు కాబట్టే ఈ కథకు రెండో భాగం ఉంది.

క్లార్క్‌కి రాబర్ట్ అని ఒక తమ్ముడు. అన్న నాణెం పందెం ఓడిన ఏడు వాడికి 11 ఏళ్ళు. పెద్దయ్యాక తానూ వైద్య పరిశోధనలోకే వచ్చాడు. ఎవరి దగ్గర చేరాడనుకున్నారు? ఇన్సులిన్‌ని శుద్ధి చేసిన కొలిప్ దగ్గరే. కొలిప్ చివరికి వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో స్థిరపడితే రాబర్ట్ అక్కడి ల్యాబ్‌లో పనిచేశాడు. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు లండన్. బాంటింగ్ తెల్లవారుజామున లేచి నాలుగు ముక్కలు రాసుకున్న ఊరే.

1952లో క్లార్క్ నోబుల్‌కి జమైకా నుంచి తన పేషెంటు పంపిన కవరు ఒకటి వచ్చింది. విప్పితే 25 ఆకులు, ఒక చీటీ. ఇక్కడివాళ్ళు ఇన్సులిన్ దొరకనప్పుడు ఈ ఆకు కాచి కషాయం తాగుతారు, చక్కెర తగ్గుతుందంటారు, మీరు చూడండి అని దాని సారాంశం. ఇన్సులిన్ పనిలో తన వంతు వదులుకున్న మనిషికి, ముప్పై ఏళ్ళ తరవాత, ఇన్సులిన్‌కి బదులు పనికొస్తుందంటూ ఆకులు. ఆయన ఆ కవరును తమ్ముడికి పంపాడు.

రాబర్ట్ ఆ ఆకు రసాన్ని నోటి ద్వారా ఇచ్చి చూశాడు. రక్తంలో చక్కెర చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చాలామంది అక్కడితో ఆకుల్ని చెత్తబుట్టలో వేసేవారు. ఈయన ఊరుకోలేదు. ఇంకొంచెం గాఢంగా చేసి ఎలుకలకు సూదితో ఎక్కించాడు. కొద్ది రోజుల్లో ఎలుకలు చచ్చిపోయాయి. కోసి చూస్తే ఒంట్లో చీము గడ్డలు. మామూలుగా ఎలుకలు తట్టుకునే సూక్ష్మజీవులే వాటిని తినేశాయి. తట్టుకునే శక్తి ఏమైందని రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు అడుగంటి ఉన్నాయి. ఎముకల్లో మూలుగ చచ్చుబడింది.

అక్కడ రాబర్ట్ నోబుల్ బుర్ర పనిచేసిన తీరు చూడండి. తెల్లకణాల్ని ఇంతగా తగ్గించే పదార్థం, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకి మందెందుకు కాకూడదు? బ్లడ్ క్యాన్సర్ అంటే అదే కదా. 1954లో ఇంగ్లండు నుంచి చార్లెస్ బీర్ అనే కెమిస్టు వచ్చి చేరాడు. కుప్పలకొద్దీ ఆకు నుంచి చిటికెడు పదార్థాన్ని విడదీసింది ఆయనే. దాని పేరు విన్‌బ్లాస్టిన్. 1958లో వాళ్ళు, కట్స్ అనే సహచరుడితో కలిసి, న్యూయార్కులో ఆ సంగతి చెప్పారు. అమెరికాలో ఇన్సులిన్‌ని మొదట పెద్ద ఎత్తున తయారుచేసిన లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు కూడా సొంతంగా ఇదే మొక్క వెంట పడి ఉన్నారు. వాళ్ళూ చక్కెర జబ్బుకి మందు వెతుకుతూనే ఇక్కడికొచ్చారు. తగవు పడకుండా రెండు బృందాలూ కలిసి పనిచేశాయి. లిల్లీ వాళ్ళు అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ కూడా తీశారు. ఒకటి 1961లో, రెండోది 1963లో అమెరికాలో వాడుకలోకి వచ్చాయి.

పిల్లలకొచ్చే బ్లడ్ క్యాన్సర్‌కి ఇవాళ హైదరాబాదులోనైనా టొరంటోలోనైనా ఇచ్చే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఉంటుంది. ఒకప్పుడు నెలల్లో పోయే పిల్లలు, మిగతా మందులతో పాటు ఇదీ అంది, ఇప్పుడు చాలామంది బతికి బడికి వెళ్తున్నారు. అన్నదమ్ములిద్దరిలో ఎవరికీ నోబెల్ బహుమతి రాలేదు.

ఆ 25 ఆకులు ఏ మొక్కవో ఇంతవరకూ చెప్పలేదు. నీళ్ళు పోసినా పోయకపోయినా ఏడాది పొడుగునా గులాబీ రంగులోనో తెలుపులోనో పూసే మొక్క. మీ ఇంటి ముందో, వీధి చివరో, శ్మశానం గోడ పక్కనో కచ్చితంగా ఉంటుంది. బిళ్ళగన్నేరు.

షుగర్ తగ్గుతుందని పొద్దున్నే పరగడుపున దాని ఆకులు నాలుగు నమలమని చెప్పేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. జమైకా చీటీలో ఉన్న మాటే అది. దాన్ని పరీక్షకు పెట్టిన మనిషికి చక్కెర తగ్గడం కనపడలేదు, కనపడింది మూలుగను చంపే విషం. ఆ విషాన్ని ఆస్పత్రిలో డాక్టర్లు మిల్లీగ్రాముల్లో కొలిచి, ప్రతిసారీ రక్తకణాలు లెక్కపెట్టుకుంటూ ఎక్కిస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ ఆకు నములుతుంటే ఇవాళే మాన్పించండి.